అమ్మమ్మ సంస్మరణ సభలో ఆ చివరి ఏళ్ల గురించి చెప్పాలా, వద్దా?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పోయి 10 రోజులైంది. 30 ఏళ్లకు పైగా టీచర్‌గా పనిచేసింది, చివరి 6 ఏళ్లు డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) బతికింది. వచ్చే ఆదివారం సంస్మరణ సభ, ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కూడా చాలామంది వస్తున్నారు, మాట్లాడే బాధ్యత నా మీద పడింది.

నా టెన్షనల్లా ఆ 6 ఏళ్ల గురించే. "మంచి రోజులే చెప్పు, అవన్నీ ఇప్పుడెందుకు" అంటోంది అమ్మ. కానీ నేను ఎక్కువ దగ్గరగా ఉన్నది ఆ రోజుల్లోనే. నా పేరు మర్చిపోయింది, పొద్దున అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండేది కాదు, అయినా ఎర్ర పెన్ను చేతికిస్తే పాత పేపర్ ముందేసుకుని ఒక్కో లైనూ వేలితో చూసుకుంటూ టిక్కులు పెట్టేది, చివర్లో మార్కులు వేసి కింద సంతకం చేసేది. ఆ సంతకం మాత్రం చాలాకాలం వంకరపోలేదు. ఆమెది అల్జీమర్స్ (డిమెన్షియాకు ఎక్కువగా కారణం అదే), అందులో కొత్త విషయాలు ముందు చెరిగిపోతాయి, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పనులు ఇంకొన్నాళ్లు నిలుస్తాయని డాక్టర్ చెప్పారు.

ఇది సభలో చెబితే ఆమె గౌరవం తగ్గుతుందా? శిష్యులు బాధపడతారా? మీలో ఎవరైనా ఇలా మాట్లాడి ఉంటే ఎక్కడ మొదలుపెట్టారు, ఏది వదిలేశారు?

ఇంకోటి, ఆమె దిద్దిన పేపర్లు దాచాను. ఒకటి ఫ్రేమ్ కట్టించి ఫోటో పక్కన పెడదామనుకుంటున్నాను, పెట్టొచ్చా?