అడవిలో జనతన సర్కార్: జనం ఒప్పుకున్న పాలనా, తుపాకీకి తలొగ్గిన పాలనా?

ప్రాణహిత (చర్చ మొదలుపెట్టినవారు)

2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఎదురుకాల్పుల్లో చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. ఒకరిది శ్రీకాకుళం, ఇంకొకరిది పెద్దపల్లి. 1980లో ఇక్కడి నుంచి గోదావరి దాటి దండకారణ్యంలోకి వెళ్లిన దళాల కథ దాదాపు ముగింపుకొచ్చింది. దాని గురించి మన వాదనలన్నీ రెండు మాటల దగ్గరే ఆగిపోతాయి. ఒకరు ఉగ్రవాదం అంటారు, ఇంకొకరు ప్రజారాజ్యం అంటారు. నేను అడిగేది వేరు. ఆ అడవిలో పార్టీ నడిపిన సొంత పాలన పేరు జనతన సర్కార్. కొన్ని ఊళ్లకు కలిపి ఒక కమిటీ, దాని కింద వ్యవసాయం, న్యాయం, రక్షణ, వైద్యం, అడవి అంటూ తొమ్మిది శాఖలు. కాంట్రాక్టర్ల దగ్గర పన్ను, ఊళ్లో తగాదాలకు తీర్పు. ఇన్నేళ్లు ఆ యంత్రాంగం మాట జనం ఎందుకు విన్నారు? సిద్ధాంతాలు పక్కన పెట్టి, అది ఎలా నడిచిందో తెలిసినవాళ్లు రాయండి.

కల్లం కాడ

మాది ఆదిలాబాద్ వైపు. దళం మాట జనం ఎందుకు విన్నారో తెలియాలంటే తునికాకు (బీడీ ఆకు) కొనే కల్లం దగ్గర మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకులకో కట్ట కడతారు. సాయంత్రానికి కల్లానికి తెస్తే కల్లేదారు, అంటే ఆకు కొనే కాంట్రాక్టర్ మనిషి, ఒక్కో కట్ట చేతిలోకి తీసుకుని ఆకు చిన్నదనో చిరిగిందనో పక్కన పడేసేవాడు. పక్కన పడేసిన కట్టలకు డబ్బులు ఉండవు. కానీ ఎండాక అవీ బస్తాలోకే పోయేవి. ఇక కట్టకు ఇచ్చేది పైసల్లో. ఫారెస్టు గార్డు సంగతి వేరే చెప్పాలి. నాగలి కర్రకు ఇంత, కట్టెల మోపుకు ఇంత, ఊళ్లో పెళ్లయితే కోడో మేకో.

దళాలు మొట్టమొదట చేసింది ఆకు కోత ఆపించడం. రేటు తేలాకే అడవికి పోవాలి అన్నారు. పెరిగింది. మరుసటి ఏడు మళ్లీ పెరిగింది. కాగితం మిల్లులకు వెదురు కొట్టే కూలి కూడా అలాగే పెరిగింది. పడేసిన కట్టలకు కూడా లెక్క కట్టి డబ్బులు ఇవ్వాల్సి వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది చనిపోయారు, అంతకు చాలా ఎక్కువ అని అక్కడి జనం ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత సర్కారు మీద ఏం నమ్మకం మిగులుతుంది?

భయం అంటారు కదా. మా ఊళ్లకు భయం కొత్త కాదండీ. గార్డు భయపడటమే కొత్త.

ఎటపాక రోడ్డు

కల్లం కాడ గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ అది మొదటి పదిహేనేళ్ల కథ. తర్వాతి పాతికేళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి కదా.

మా బంధువులు చర్ల అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటితే వచ్చే ఊళ్లలో ఉంటారు. దళం ఓటు వద్దనేది కనుక, అక్కడ ఓటు వేయాలంటే ముందు ఆలోచించాల్సి వచ్చింది ఎవరికి వేయాలని కాదు, వేలి మీది సిరా చుక్క గురించి. అది ఎన్ని రోజులకు పోతుంది, అంతవరకు ఎవరి కంటా పడకుండా ఎక్కడ ఉండాలి అని. సర్పంచిగా గెలిచినవాడు ఊళ్లో ఉండలేక దగ్గరి టౌన్‌లో గది అద్దెకు తీసుకునేవాడు. సెల్‌ఫోన్ ఉంటే ఎవరితో మాట్లాడావని అడిగేవారు. టౌన్‌కు రెండుసార్లు వరసగా పోతే ఎందుకు పోయావని అడిగేవారు. రోడ్డు పనికి వచ్చిన ట్రాక్టర్‌ను కాల్చేస్తే, కూలి పోయేది ఊరివాళ్లదే.

ఇక ప్రజాకోర్టు. ఊరంతా కూర్చుని భూమి తగాదా తీర్చినంతవరకు బాగానే ఉంది, మా వాళ్లే మెచ్చుకునేవారు. ఇన్ఫార్మర్ అన్న ఆరోపణ వచ్చిన రోజున అదే సభ తీరు మారిపోయేది. ముద్దాయి తరఫున ఎవరు మాట్లాడతారు? మాట్లాడినవాడి మీదే తర్వాతి అనుమానం. తెల్లారితే దారి పక్కన శవం, పక్కన ఎర్ర సిరాతో రాసిన కాగితం. ఆ తీర్పు తప్పని తర్వాత తేలినా వెళ్లి అడగడానికి పై కోర్టు ఏదీ? పాలన అనాలంటే నాకు ఒక్కటే గుర్తు. కాదన్నవాడు మర్నాడు కూడా ఊళ్లో బతికి ఉండాలి.

నీలవేణి

ఎటపాక రోడ్డు గారూ, ఇన్ఫార్మర్ హత్యలు అంతలా పెరిగిన కాలాన్ని వదిలేసి మాట్లాడితే ఎలాగండీ? 2005లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం అనే సాయుధ దండు మొదలైంది. ఊళ్లు తగలబెట్టి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తోలారు. ఆదివాసీ కుర్రాళ్లకే తుపాకులిచ్చి ఎస్పీఓలుగా (ప్రత్యేక పోలీసులుగా) పెట్టారు. సుప్రీంకోర్టు 2011 జులైలో అది రాజ్యాంగ విరుద్ధం అని తేల్చింది. అంటే కాదన్నవాడు బతికి ఉండాలన్న మీ పరీక్షలో ఆ ఆరేళ్లు సర్కారు కూడా తప్పింది. ఊరి మీదికి రెండు వైపుల నుంచీ తుపాకీ వచ్చినప్పుడు పాలన ముసుగు జారిపోయి యుద్ధం ఒక్కటే మిగులుతుంది.

ఎటపాక రోడ్డు

సర్కారు చేసింది తప్పే. ఆ తప్పును కోర్టుకు ఈడ్చగలిగారు, ఏళ్లు పట్టినా తీర్పు వచ్చింది. అమలు సరిగా జరగలేదన్నది నిజం. మరి దళం చంపిన మనిషి భార్య ఏ కోర్టుకు పోయింది? ఆ తేడా చిన్నదని నేను అనుకోను.

సముద్రం అవతల

శ్రీలంక గురించి కొంత చెబుతాను, ఈ ప్రశ్నకు అక్కడ ఇంకా స్పష్టమైన జవాబు దొరుకుతుంది. ఎల్‌టీటీఈ, అంటే తమిళ పులులు, అడవిలో దాక్కున్న సంస్థ కాదు. 2002 కాల్పుల విరమణ తర్వాత ఉత్తరాన ఉన్న కిలినొచ్చిలో వాళ్లకు పోలీసు శాఖ, కోర్టులు, బ్యాంకు అన్నీ బాహాటంగా నడిచాయి. ఏ9 రోడ్డు మీద సరుకు దింపించి పన్ను వేసేవారు. పోలీసులు లంచం తీసుకోరని, దొంగతనాలు తక్కువని బయటి నుంచి వెళ్లినవాళ్లు రాశారు.

ఇప్పుడు అసలు సంగతి. అదే కిలినొచ్చిలో బడి పంతుళ్లకు, డాక్టర్లకు, కచేరీ గుమస్తాలకు జీతం ఎవరిచ్చారు? కొలంబో ప్రభుత్వం. తను యుద్ధం చేస్తున్న సంస్థ గుప్పిట్లో ఉన్న జిల్లాకు జీతాలూ పింఛన్లూ పంపింది. పంపకపోతే ఆ జిల్లా తనది కాదని ఒప్పుకున్నట్టవుతుంది. పులులు వద్దనలేదు. బడీ ఆసుపత్రీ నడపడానికయ్యే ఖర్చు వాళ్ల నెత్తిన పడలేదు, పేరు మాత్రం వాళ్లకు వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లు అధికారానికి రాకముందే చాలా జిల్లాల్లో ఇదే చేశారు. పంతులు జీతం కాబూల్ ఇస్తే, పంతులు బడికి వచ్చాడా లేదా అని చూసింది తాలిబన్ల మనిషి.

కనుక సాయుధ సంస్థల పాలన అని మనం అనేదాంట్లో సగం అవతలి సర్కారుదే. పూర్తిగా తమది అని చెప్పుకోగలిగినవి మూడు: పన్ను, తీర్పు, ఎవరు లోపల ఉండాలి ఎవరు బయటికి పోవచ్చు అన్న నిర్ణయం. పులుల గుప్పిట్లో ఉన్న వన్నీ ప్రాంతం దాటి పోవాలంటే పాస్ కావాలి, జామీను మనిషిని వెనక ఉంచి పోవాలి. చివరి ఏళ్లలో ఇంటికొకర్ని పోరాటానికి బలవంతంగా తీసుకుపోయారు. 1990 అక్టోబరులో జాఫ్నా ముస్లింలకు రెండు గంటల గడువిచ్చి కట్టుబట్టలతో పంపేశారు. ఉత్తర రాష్ట్రం మొత్తం మీద 70 వేల మందికి పైగా అలా పోయారు. ఆ రెండు గంటల్లో వాళ్లకు అడ్డుపడగల కోర్టు ఆ రాజ్యంలో లేదు. ఎటపాక రోడ్డు గారు అడిగిందీ అదే అనుకుంటాను.

బడిపంతులు

సగం అవతలి సర్కారుదే అన్న పై మాట బస్తర్‌కూ వర్తిస్తుంది. పార్టీ గ్రామ సంఘం ఉన్న ఊళ్లలో కూడా జనం సర్కారు రేషన్ కోసం చాలా దూరం నడిచి వెళ్లి బియ్యం మోసుకొచ్చేవారు. పార్టీ అడ్డు చెప్పలేదు. బడి దగ్గర మాత్రం ఇద్దరూ పాడు చేశారు. పోలీసులు బడి భవనంలో మకాం పెట్టారు, మకాం పెడతారని దళం భవనాలు పేల్చింది. చివరికి పిల్లలు పోర్టా క్యాబిన్ బడుల్లో చేరారు. వెదురు, రేకులతో కట్టిన హాస్టళ్లు, అమ్మానాన్నలకు ఎక్కడో దూరంగా రోడ్డు పక్కన. ఒక పక్క గోండీలో పాఠాలు రాసుకున్నామని చెప్పుకుంటూ, ఇంకో పక్క ఉన్న గోడల్ని పేల్చిన వాళ్లను నేను క్షమించలేను. పంతులుగా చెబుతున్నాను.

సూర్యాపేట

ఇలాంటి పాలన మనకు ఇంతకు ముందూ ఉంది కదా. నిజాం కాలంలో కమ్యూనిస్టుల సంగం ఉన్న ఊళ్లలో గ్రామరాజ్యాలు నడిచాయి. ఆ పార్టీ లెక్కలో 3,000 ఊళ్లలో అలా నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచారు. వెట్టి పోయింది. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక దొరలు తిరిగొచ్చి చాలా చోట్ల భూములు లాక్కున్నారు. వెట్టి మాత్రం తిరిగి రాలేదు. సాయుధ సంస్థ పోయాక ఏది నిలిచింది, ఏది పోయింది అని చూస్తే జనం దేనికి నిజంగా ఒప్పుకున్నారో తెలుస్తుందని నా అభిప్రాయం.

ప్రాణహిత

ఈ కొలత నాకు నచ్చింది. ఒకటి కలుపుతాను. 2004 అక్టోబరులో సర్కారుతో చర్చలకని మావోయిస్టు నాయకుడు రామకృష్ణ బృందం హైదరాబాద్ వచ్చినప్పుడు మంజీరా గెస్ట్‌హౌస్ ముందు జనం అర్జీలు పట్టుకుని నిలబడ్డారు. భూమి కబ్జా, జీతం బకాయి లాంటివి. అక్కడ వాళ్ల నెత్తిన తుపాకీ లేదు, పక్కనే పోలీసులు కాపలా ఉన్నారు. కలెక్టరేట్‌లో పని కాని మనిషి అక్కడికి పోయాడు. ఆ నమ్మకం అబద్ధం కాదు. అదే పార్టీ ఊళ్లలో ఇన్ఫార్మర్ అని చంపడమూ అబద్ధం కాదు. ఒకే కుటుంబంలో ఒకరు అర్జీ ఇచ్చి ఉండొచ్చు, ఇంకొకరు చనిపోయి ఉండొచ్చు.

కల్లం కాడ

సూర్యాపేట గారి మాట పట్టుకుని ఒక్కటి అడుగుతా. జనతన సర్కార్ పంచిన పొలాల సంగతేంటి? బస్తర్‌లోని అబూజ్‌మడ్ కొండల్లో దశాబ్దాలపాటు రెవెన్యూ సర్వే జరగలేదు. సంఘం గీసిన హద్దే హద్దు. అటవీ హక్కుల చట్టం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపించాలి. సరిగ్గా ఆ ఏడే సల్వాజుడుంతో వేల కుటుంబాలు ఊళ్లొదిలి ఖమ్మం అడవుల్లోకి వచ్చిపడ్డాయి. ఇప్పటికీ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో గుడిసెలు వేసుకునే ఉన్నారు. ఇక్కడ పోడు పట్టాలకు వాళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు. అక్కడికి పోతే తమ పొలం సంఘం ఇంకొకరికి ఇచ్చేసి ఉండొచ్చు.

ఎటపాక రోడ్డు

ఇది నేనూ చూశాను. మా బంధువుల పొలం మీద ఇప్పుడు వేరేవాళ్లు దున్నుతున్నారు, వాళ్లూ పేదవాళ్లే. ఇంతకు ముందైతే సంఘం కూర్చోబెట్టి ఏదో ఒకటి తేల్చేది, నచ్చినా నచ్చకపోయినా. ఇప్పుడు ఊళ్లోకి పోలీసు క్యాంపు వచ్చింది, టవర్ వచ్చింది, భూమి కొలిచే అమీను రాలేదు. ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది. గ్రామసభ పెట్టి, వెళ్లిపోయినవాళ్లనూ పిలిచి, ఇద్దరి ముందూ హద్దు రాళ్లు పాతించాలి. ఆ సభలో దళం చంపినవాళ్ల ఇంటివాళ్లూ, జుడుం చంపినవాళ్ల ఇంటివాళ్లూ ఇద్దరూ ఉంటారు. పొలం సంగతి ముందు తేలనివ్వండి, వాళ్లు మాట్లాడుకుంటారు.