సమస్య: మెట్లు దిగినవాడు మీదికేగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య మా వాచ్‌మన్ నోటి నుంచి వచ్చింది. నిన్న పొద్దున మూడో అంతస్తాయన కోసం అడిగితే, "ఇప్పుడే మెట్లు దిగారండీ, పైకెళ్ళిపోయారు" అన్నాడు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. ఆ మాట రోజంతా చెవిలో తిరిగి తిరిగి ఆటవెలది పద్యానికి చివరి పాదమై పడింది. పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

మెట్లు దిగినవాడు మీదికేగె

ఒక్క షరతు. ఎవరినీ చంపవద్దు. "పైకి పోయాడు" అని స్వర్గానికి పంపేయడం అందరికంటే ముందు తట్టే దారి, అందుకే మూసేస్తున్నాను. పట్నంలో రోజూ చూసేదే రాయండి.

పదో అంతస్తు:
నాకు జరిగిందే రాశాను.

లిఫ్టు నిలిచిపోయె, లెక్కబెట్టుచు వాడు
నూరు మెట్లు దిగెను, నొచ్చె కాళ్ళు;
తాళపుచెవి మరచి తలను బట్టుకొనుచు
మెట్లు దిగినవాడు మీదికేగె.

వీధిచివర:
"లెక్కబెట్టుచు" చాలా బాగుంది. లిఫ్టు ఆగిన రోజున మెట్లు లెక్కపెట్టని మనిషి ఉండడు. అయితే మీది పదో అంతస్తు. అంతస్తుకు ఇరవై వేసుకున్నా రెండువందలు కావాలి. నూరు దగ్గర ఎలా ఆగారు?

పదో అంతస్తు:
"నొచ్చె"తో యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరం నాలుగో గణం మొదటి అక్షరంతో కలవడం కోసం, "నూరు" కావలసి వచ్చింది. ఆ మనిషి అయిదో అంతస్తులో ఉంటాడు, చాలా?

గణపరీక్ష:
లెక్క సంగతి అలా ఉంచండి. తల పట్టుకొని దిగాడా, ఎక్కాడా? మూడో పాదం చివర "కొనుచు" అన్నాక వెంటనే "మెట్లు దిగిన" వచ్చింది కాబట్టి, చదివేవాడికి తల పట్టుకొని దిగినట్టే వినిపిస్తుంది. గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. అన్వయం ఒక్కటే అడ్డం తిరిగింది.

రైలుబండి:
మెట్లకు లిఫ్టు, తాళంచెవి అందరికీ తడతాయి. నేను స్టేషన్‌కు వెళ్ళాను.

నేల కింద రైలు నెక్కి కూర్చుండగా
నింగి దారి బట్టి నెగసె నదియు;
మేడలన్ని కింద మిద్దెలై కనిపించె;
మెట్లు దిగినవాడు మీదికేగె.

గణపరీక్ష:
"మేడలన్ని మిద్దెలై" అన్నచోట ఆగిపోయాను. పైనుంచి చూస్తే ఎంత పెద్ద మేడకైనా కనిపించేది మిద్దే. ఆ ఒక్క మాట కోసం రెండు "కింద"లను క్షమించాను. అయినా "నెగసె" అతిశయోక్తి. రైలు నింగికెగరడమేమిటి?

రైలుబండి:
అతిశయోక్తి కాదండీ. చాలా నగరాల్లో ఒకే రైలు కొంత దూరం సొరంగంలో, కొంత దూరం స్తంభాల మీద పోతుంది. సొరంగంలో ఎక్కినవాడు కాసేపటికి ఇళ్ళ కప్పుల మీదుగా పోతుంటాడు. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినప్పుడు డబ్బాలో అందరూ ఫోన్లు దించి కిటికీ వైపు చూస్తారు. ఆ క్షణానికి "నెగసె" కాక ఇంకేం వేయను?

వీధిచివర:
రైలుబండి గారికి నా మద్దతు. పోయిన నెల ఇక్కడే ఎవరో, కొత్త వస్తువులు పద్యంలో ఇమడవన్నారు. నేలకింద రైలు లండన్‌లో 1863లోనే నడిచింది. ఇంకెప్పటికి పాతబడుతుంది?

ఇక నాది. "మీదికేగె" అన్నమాటను అందరూ ఎత్తు వైపే చూస్తున్నారు. మా వీధిలో దానికి ఇంకో అర్థం ఉంది.

బండి యడ్డముంచె పక్కింటి పెద్దయ్య
తీయుమనగ వినడు; తిట్టె తుదకు;
చొక్కా చేయి మడిచి చూపులెర్రగ జేసి
మెట్లు దిగినవాడు మీదికేగె.

పదో అంతస్తు:
అబ్బ! మనిషి మీదికి వెళ్ళడం! ఇదీ విరుపు. సమస్యలో ఒక్క అక్షరం కదల్చకుండా అర్థం మొత్తం తిప్పేశారు. నా తాళంచెవి దీని ముందు నిలవదు.

నిర్వాహకుడు:
నేను సమస్య ఇచ్చేటప్పుడు ఈ అర్థం నాకు తట్టనే లేదు. చాలా సంతోషం.

గణపరీక్ష:
విరుపు బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ "చొక్కా" చూశారా తమ్ముడూ? రెండూ గురువులే. సూర్యగణం, అంటే ఒక గురువు, ఒక లఘువు, లేదా మూడు లఘువులు, ఉండాల్సిన చోట అది పట్టదు. ఇంత మంచి పూరణకు ఈ చిరుగు ఎందుకు?

వీధిచివర:
అక్కయ్యా, "చొక్క" అని ఎవరంటారు? మా ఇంట్లో, మీ ఇంట్లో, బట్టలు కుట్టేవాడి దగ్గర అందరూ చొక్కా అనే అంటారు. గణం కోసం దీర్ఘం కోసేస్తే అది మాట కాకుండా పోతుంది.

గణపరీక్ష:
కోయమని నేను అనలేదు. మాట పట్టని చోట ఆ మాటను పెట్టకూడదన్నాను. జనం పలికే రూపం ముఖ్యమైతే దానికి తగిన చోటు చూడాలి.

రైలుబండి:
చోటు ఉందండీ. పాదం మొదట కాకుండా నాలుగో గణంలో పెడితే చొక్కా నిండుగా పడుతుంది.

చూచి పళ్ళు కొరికి చొక్కాను సవరించి

వీధిచివర:
అదిరింది! చేయి మడవడం పోయింది గానీ పళ్ళు కొరకడం వచ్చింది, కోపం తగ్గలేదు. మార్చుకున్నాను. అయినా అక్కయ్య నన్ను పట్టుకోవడం ఇది మొదటిసారి కాదు. "గొడుగులోన వాన కురిసె మెండు" సమస్యకు నేను రాసిన పూరణ గుర్తుందా?

బస్సు నిండ జనులు వానలో తడిసిరి

అప్పుడు బస్సుకు, వానకు యతి చెల్లదన్నారు. ప, ఫ, బ, భలతో వ కలుస్తుందని నేను చెబితే ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

గణపరీక్ష:
ఒప్పుకున్నాను కదా! యతి చెల్లింది. అసలు గొడుగే లేదు ఆ పాదంలో. బస్సులో తడిసినవాళ్ళకూ గొడుగులో వానకూ సంబంధం ఏమిటని అడిగితే, తర్వాతి పాదంలో వస్తుందన్నారు. అది ఇప్పటికీ రాలేదు.

పదో అంతస్తు:
అవధానంలోనైతే దీన్నే అప్రస్తుత ప్రసంగం అంటారు. సమస్యకు రండి.

కొత్తకలం:
పెద్దలకు నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

కదులు మెట్లమీద కన్ను ఫోనున నుంచి
దిగగబోయె నెక్కు దిక్కునందు;
వేగ మడుగులిడిన వెనుకకే సాగుచు
మెట్లు దిగినవాడు మీదికేగె.

నిర్వాహకుడు:
ఎస్కలేటర్! పైకి పోయే మెట్ల మీద కిందికి దిగడం! అర్థం తిప్పలేదు, శ్లేష లేదు. దిగుతూనే పైకి పోతున్నాడు. సమస్యలో ఉన్న చిక్కు చిక్కుగానే ఉండి నిజమైపోయింది. నాకు ఈ వారం ఇదే ఎక్కువ నచ్చింది.

పదో అంతస్తు:
ఇలాంటి మనిషిని నేను స్టేషన్‌లో చూశాను. చుట్టూ ఎవరూ నవ్వలేదు, పక్కకు జరిగి దారి ఇచ్చారు. "వెనుకకే సాగుచు" చదవగానే ఆయనే గుర్తొచ్చాడు.

వీధిచివర:
పద్యం చాలా బాగుంది. ఒక్క చిన్న సంగతి. "ఫోనున నుంచి" అంటే ఫోనులో ఉంచి అని మీ భావం. కానీ వినేవాళ్ళకు "ఫోను నుంచి" అని తగులుతుంది. "కన్ను ఫోనుకు నిచ్చి" అంటే గణమూ చెడదు.

కొత్తకలం:
ధన్యవాదాలండీ. "ఇచ్చి"తో కన్ను తిరిగి రానట్టే ఉంది, ఇంకా బాగుంది. మార్చేశాను.

గణపరీక్ష:
అందరూ అయ్యాక నాది. తెలుగులో "ఒక మెట్టు దిగడం" అనే మాట ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదని ఆశ్చర్యంగా ఉంది. ఇది మా పై వాటాలో నిజంగా జరిగింది.

పైన యింటి గోల భరియింపలేనంచు
కేకలిడితి నిన్న కిటికి తెరచి;
తప్పు నాదె యనియె తలవంచి, నా మదిన్
మెట్లు దిగినవాడు మీదికేగె.

రైలుబండి:
కాళ్ళతోనూ మెట్లు దిగాడు, మాటతోనూ దిగాడు. పైకెక్కింది మాత్రం మీ మనసులో. "నా మదిన్" అన్న చిన్న మాట మీద మొత్తం పద్యం నిలబడింది.

వీధిచివర:
పద్యం గొప్పగా ఉంది అక్కయ్యా, మనసారా అంటున్నాను. కానీ రెండో పాదం చూడండి. "కిటికి"! నా చొక్కాకు పట్టని చోటు ఎందుకన్నారు, మీ కిటికీకి దీర్ఘం మీరే ఊడదీశారు. మీ ఇంట్లో కిటికి అంటారా?

గణపరీక్ష:
అనం. నేనూ కిటికీ అనే అంటాను. నువ్వు చెప్పింది న్యాయం. అర్ధరాత్రి అరిచింది నేనే కాబట్టి పాదం ఇలా మారుస్తాను.

కేకలిడితి నిన్న గీత దాటి

వీధిచివర:
ఇదివరకటి దానికంటే నూరు రెట్లు బాగుంది. గీత మీరు దాటారు, మెట్టు ఆయన దిగాడు. బస్సు, వాన బాకీ ఈ పాదంతో చెల్లు.

గణపరీక్ష:
చెల్లలేదు తమ్ముడూ. గొడుగు ఉన్న పాదం ఇంకా రావాలి.