జుంబాలో చేరాను, అడుగు కలవడం లేదు: మీలో ఎవరికైనా ఇలా ఉండి తర్వాత కుదిరిందా?

కొత్తడుగు

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. పాటలంటే ప్రాణం. కానీ నలుగురిలో కలిసి చప్పట్లు కొట్టమంటే నా చప్పుడు ఒక్కటే విడిగా వినిపిస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ట్రెడ్‌మిల్ ఎక్కితే పది నిమిషాలకే గడియారం వైపు చూడటం మొదలుపెడతాను. అందుకని ఈసారి, పాటలకి స్టెప్పులేస్తూ చేసే వ్యాయామం కదా అని, పట్టుబట్టి జుంబాలో చేరాను. మూడు క్లాసులయ్యాయి.

మూడో క్లాసులో, రెండో పాటకి, అందరూ కుడివైపు నాలుగడుగులు వేసి పక్కకి తిరిగారు. నేను ఎడమకి తిరిగాను. పక్కనున్న ఆవిడ ముఖం సరిగ్గా నా ముఖానికి ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, నా భుజం పట్టుకుని నెమ్మదిగా ఇటు తిప్పింది. ఆ మంచితనమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. నీళ్లు తాగే వంకతో బయటికొచ్చి, పాట అయ్యేదాకా మెట్ల దగ్గరే నిలబడ్డాను.

లయ అనేది పుట్టుకతో రావాల్సిందేనా? ఎన్నాళ్లకి దారిలో పడుతుంది? "అలవాటైపోతుందిలే" అని చాలామంది అన్నారు. ఎలా అలవాటవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీకు పనికొచ్చినవి ఏమైనా ఉంటే చెప్పండి.

మధ్యవరుస

మెట్ల దగ్గర నిలబడ్డారని చదివి మనసు చివుక్కుమంది. నేనూ మొదటి నెలంతా షూ లేసు కట్టుకునే వంకతో కిందికి వంగి ఉండిపోయేదాన్ని. ఇప్పుడు రెండేళ్లయింది, వారానికి మూడు క్లాసులు మానకుండా వెళ్తున్నాను.

అన్నిటికంటే ముందు, నిలబడే చోటు మార్చుకోండి. కొత్తవాళ్లం ఎవరూ చూడరని చివరి వరుసలోకి పోతాం కదా. వెనక్కి తిరిగే స్టెప్పు వచ్చిందంటే ఆ చివరి వరుసే మొదటి వరుస అయిపోతుంది! చూసి వేయడానికి ఎదురుగా గోడ తప్ప మనిషి ఉండరు. మధ్య వరుసలో, కాస్త పక్కగా నిలబడితే ఎటు తిరిగినా ముందు ఎవరో ఒకరు ఉంటారు. బాగా వేసేవాళ్లలో ఒకరిని చూసుకుని వాళ్లకి ఏటవాలుగా వెనక నిలబడండి. తిన్నగా వెనక నిలబడితే వీపు కనిపిస్తుంది గానీ కాళ్లు కనిపించవు.

ఇంకొకటి, మూడు వారాల పాటు చేతులు వదిలేయండి. నడుం మీద పెట్టుకుని కాళ్లు మాత్రమే వేయండి. నేను అలా చేయడానికి నెల రోజులు మొహమాటపడ్డాను. మొహమాటం వదిలిన వారమే మొదటిసారి ఒక పాట మొత్తం ఆగకుండా వేశాను.

లెక్కలపంతులు

"చూసి వేయడం" ఎందుకు కుదరదో ఒకసారి లెక్కేసి చూశాను, చెబుతాను.

పాట వేగం నిమిషానికి 130 బీట్లు అనుకుందాం. రెండు బీట్ల మధ్య దొరికేది సుమారు 0.46 సెకను. కంటికి కనిపించినదానికి ఒళ్లు కదలడానికి మామూలుగా పావు సెకను దాకా పడుతుంది. అదీ ఏం చేయాలో ముందే తెలిసిన తేలిక పనికి. ఇక్కడ "ఏ కాలు? ఎటు?" అని పోల్చుకోవడం కూడా ఉంది. అంటే చూసి వేసే అడుగు అర బీటో, ఒక్కోసారి ఒక బీటో ఆలస్యంగానే పడుతుంది. మీకే కాదు, ఎవరికైనా అంతే. బాగా వేసేవాళ్లు త్వరగా చూస్తున్నారని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లు చూడటం మానేశారు, తర్వాత ఏం వస్తుందో వాళ్లకి ముందే తెలుసు.

ఇలాంటి క్లాసుల్లో వాడే పాటలు ఎక్కువగా 8 కౌంట్ల ముక్కలుగా ఉంటాయి. అలాంటివి నాలుగు కలిస్తే 32, సాధారణంగా అక్కడే పాట మలుపు తిరుగుతుంది, స్టెప్పు కూడా మారుతుంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ దాదాపు అవే స్టెప్పులు వస్తాయి. అందుకే నేను మొదట పల్లవి ఒక్కటే నేర్చుకున్నాను. మిగతా పాటంతా ఉన్నచోటే మార్చింగ్ చేస్తూ, పల్లవి రాగానే అందరితో కలిసేవాణ్ని.

ఇంటి దగ్గర కుర్చీలో కూర్చుని, అదే పాట పెట్టుకుని మడమతో నేల తడుతూ లెక్కపెట్టండి. నాకు ఒకటి, రెండు అని అంకెలు చెప్పుకుంటే మనసు అంకెల మీదికి పోయేది. "తకధిమి తకధిమి" అనుకుంటే 8 వాటంతటవే పూర్తయ్యేవి.

నీలిగాలి

షూస్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను పరుగు కోసం కొన్న షూస్‌తోనే ఆరు నెలలు చేశాను. వాటి అడుగు నేలని గట్టిగా పట్టుకుంటుంది, ముందుకి పరిగెత్తడానికి అది మంచిదే. కానీ ఒంటికాలి మీద తిరిగేటప్పుడు ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలి మోకాలు మోస్తుంది. నాకు ఎడమ మోకాలు లోపలివైపు వాచి ఐదు వారాలు ఇంట్లో కూర్చున్నాను. అడుగు కాస్త నున్నగా ఉండి, పక్కలకి ఆనింపు ఉన్నవి తీసుకోండి. అవి దొరికేదాకా తిరిగేటప్పుడు మడమ ఎత్తి, మునివేళ్ల దగ్గరి భాగం మీద చిన్న చిన్న అడుగులుగా తిరగండి.

అద్దంముందు

పదకొండేళ్లుగా డాన్స్ ఫిట్‌నెస్ నేర్పుతున్నాను. కొత్తడుగు గారూ, మీ పక్కావిడ చేసింది ప్రేమతోనే అయినా, మా క్లాసులో ఒకరినొకరు సరిదిద్దుకోవద్దని నేను మొదటి రోజే చెబుతాను. తప్పు అడుగు వేసినవాళ్లు తర్వాతి 8 కౌంట్లకి వాళ్లే కలుస్తారు. భుజం పట్టి తిప్పితే ఆ పాట అంతా పోతుంది.

కుడి, ఎడమ తారుమారవడానికి కారణం చాలాసార్లు మేమే. అద్దం వైపు తిరిగి మీకు వీపు చూపిస్తున్నప్పుడు నా కుడి మీ కుడి. మీ వైపు తిరిగితే చాలామంది టీచర్లం అద్దంలో బొమ్మలా వేస్తాం, అంటే నేను ఎడమకాలు కదిపితే మీరు కుడికాలు కదపాలి. ఒకే పాటలో రెండు రకాలుగా నిలబడే టీచర్ దగ్గర కొత్తవాళ్లు గందరగోళపడటం సహజం. అందుకే "ఏ కాలు" అని ఆలోచించకండి. "కిటికీ వైపు, తలుపు వైపు" అని గదిని గుర్తు పెట్టుకోండి.

అద్దం గురించి మాకు బాగా నచ్చే సంగతి ఒకటి ఉంది. 1969లో చికాగో దగ్గర ఎవాన్‌స్టన్‌లో జూడీ షెపర్డ్ మిస్సెట్ జాజ్ డాన్స్ నేర్పుతుంటే, చేరినవాళ్లు చేరినట్టే మానేస్తున్నారు. వాళ్లు వచ్చింది ఒళ్లు బాగుండాలని, వేదికెక్కాలని కాదు. ఆవిడ వాళ్లని అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, తనని చూసి వేయమంది. జాజర్‌సైజ్ అనే డాన్స్ వ్యాయామం అలా మొదలైంది. జుంబా పుట్టుక కూడా అలాంటిదే. కొలంబియాలోని కాలి నగరంలో బేటో పెరెజ్ తను నేర్పే ఏరోబిక్స్ క్లాసుకి టేపు మరిచిపోయి వెళ్లి, దగ్గరున్న సాల్సా, మెరెంగే అనే లాటిన్ డాన్స్ పాటలు పెట్టి అప్పటికప్పుడు స్టెప్పులు కల్పించాడు. తప్పొప్పులు చూడటానికి కట్టిన క్లాసులు కావు ఇవి.

మీకు నా సలహా: మెరెంగే పాటలతో మొదలుపెట్టండి. అందులో ప్రతి బీటుకి ఒక అడుగు, కుడి ఎడమ కుడి ఎడమ, నడిచినట్టే. సాల్సాలో 1, 2, 3 వేసి 4 దగ్గర ఆగాలి, 5, 6, 7 వేసి 8 దగ్గర ఆగాలి. కొత్తవాళ్లు తడబడేది వేసే అడుగు దగ్గర కాదు, ఆ ఆగాల్సిన చోట. ఆగలేక ఒక అడుగు ఎక్కువ వేస్తారు, అక్కడి నుంచి కాలు మారిపోతుంది. సాల్సా వచ్చినప్పుడు ఆ నాలుగో కౌంట్‌కి నోటితో "ఊఁ" అనమంటాను. నోరు పట్టుకున్న ఖాళీని కాళ్లు కూడా పట్టుకుంటాయి.

నిదానమే

ఇక్కడ అందరూ మంచి మాటలే చెబుతున్నారు, నాది వేరే అనుభవం. నేను అద్దంముందు గారు చెప్పినవన్నీ చేశాను, నాలుగు నెలలు చేశాను, కుదరలేదు. ప్రతి సోమవారం కొత్త పాట, కొత్త స్టెప్పులు. నాకు పాతది పట్టేసరికి అది వెళ్లిపోయేది.

తర్వాత తెలిసింది, నాకు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ ఉంది, డిస్‌ప్రాక్సియా అని కూడా అంటారు, అంటే ఒంటి కదలికలు ఒకదానితో ఒకటి కుదరని ఇబ్బంది. బడి వయసు పిల్లల్లో నూటికి 5, 6 మందిలో ఉంటుందని చెప్పారు. చాలామందికి పెద్దయ్యాక కూడా పోదు. చిన్నప్పుడు బంతి పట్టుకోలేకపోవడం, బొత్తాలు పెట్టుకోవడానికి అందరికంటే ఎక్కువసేపు పట్టడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ రోజు సాయంత్రం చాలాసేపు ఏడ్చాను, అది దుఃఖం మాత్రం కాదు.

ఇప్పుడు నెలంతా అవే ఐదు పాటలు ఉంచే క్లాసుకి వెళ్తున్నాను, టీచర్ స్టెప్పు మారే ముందు నోటితో చెబుతుంది. "నాలుగు, మూడు, పక్కకి" అని. చాలా జుంబా క్లాసుల్లో చేతి సైగలే ఉంటాయి, అవి నాలాంటివాళ్లకి అందవు. కాబట్టి "సాధన చేస్తే వచ్చేస్తుంది" అని తేల్చేయకండి. కొందరికి సాధన కంటే ముందు క్లాసు మారాలి.

మధ్యవరుస

నిదానమే గారూ, మీరు చెప్పింది నిజం. నాకు కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుందనుకుని రాశాను. మా క్లాసులో పాటలు ఆరు వారాలకోసారి గానీ మారవు, అది నాకు కలిసొచ్చిందని ఇప్పుడే తట్టింది.

వినికిడి

లయ పుట్టుకతో రావాలా అన్నారు కదా. పుట్టిన రెండు మూడు రోజులకే పిల్లలు బీటుని పట్టుకుంటారు. 2009లో అచ్చయిన పరిశోధనలో, నిద్రపోతున్న శిశువులకి డ్రమ్ చప్పుడు వినిపించి మధ్యలో ముఖ్యమైన బీటు ఒకటి తీసేస్తే, వాళ్ల మెదడు ఆ లోటుని గుర్తించింది. మరోవైపు, నిజంగా బీటు అందనివాళ్లూ ఉన్నారు. 2011లో మాంట్రియల్ పరిశోధకులు ఒక యువకుడి గురించి రాశారు. పాటకి తగ్గట్టు ఒళ్లు కదపలేకపోవడమే కాదు, వీడియోలో ఎదుటి మనిషి బీటు తప్పుతున్నా అతనికి తెలిసేది కాదు. అది చాలా అరుదు.

మీ చప్పట్లు విడిగా వినిపిస్తున్నాయని మీకే తెలుస్తోందిగా? అంటే మీ చెవి సరిగానే వింటోంది. కాలికి చెవికి మధ్య దారి పడలేదు, అంతే.

ఆరుపదులు

నాకు 63. రెండు నిమిషాలకోసారి తప్పు అడుగు పడుతుంది, ఐదేళ్లుగా పడుతూనే ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిమిషాల్లో తప్పు అడుగులు తీసేయరు తల్లీ. మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంతగా ఊపిరి ఆడుతుంటే శ్రమ సరిపోయినట్టే. మా క్లాసు రోజున నాకు రాత్రి మంచి నిద్ర పడుతుంది. మళ్లీ వెళ్లు.

కొత్తడుగు

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినవన్నీ చేశాకే రాయాలనుకున్నాను.

మధ్య వరుసకి మారాను. నడుం మీద చేతులతో నాలుగు వారాలు. టీచర్‌ని కలిసి, పాటలు ఎన్నాళ్లకి మారుతాయని అడిగాను, నెలకి రెండే కొత్తవట. ఆ జాబితా తీసుకుని రోజూ పొద్దున ఒక పాట కుర్చీలో కూర్చుని మడమతో తట్టాను. మొదటి వారం నా తకధిమి పాట కంటే ముందు పరిగెత్తేది. అప్పుడు గమనించాను, నేను తొందరపడుతున్నాను. అడుగు ఎక్కడ తప్పుతానో అన్న భయంతో తర్వాతి బీటు రాకముందే వేసేస్తున్నాను. అప్పటి నుంచి కావాలనే ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా తట్టడం మొదలుపెట్టాను. అక్కడ కలిసింది.

పోయిన గురువారం మూడో పాట పల్లవి. కిటికీ వైపు నాలుగు, తలుపు వైపు నాలుగు, తిరగడం. నా పాదం నేలని తాకిన చప్పుడూ, పక్కావిడ పాదం చప్పుడూ ఒకటే చప్పుడుగా వినిపించాయి. నేను ఎవరినీ చూడటం లేదని అప్పుడే తెలిసింది. రెండో చరణంలో మళ్లీ తప్పాను, మార్చింగ్ చేస్తూ పల్లవి కోసం ఆగాను, వచ్చింది, కలిశాను.

సాల్సా ఇంకా కుదరలేదు. నాలుగు దగ్గర "ఊఁ" అంటున్నాను, ఎనిమిది దగ్గర మరిచిపోతున్నాను. అద్దంముందు గారూ, దానికేమైనా మార్గం ఉందా?

అద్దంముందు

ఉంది. ఎనిమిదిలో ఆగేటప్పుడు బరువు ఏ కాలి మీద ఉందో ఒకసారి చూసుకోండి. రెండు కాళ్ల మీదా సమానంగా పంచుకుంటున్నారేమో. బరువంతా ఏడో అడుగు వేసిన కాలి మీదే ఉంచి, రెండో కాలి మడమ కాస్త పైకి లేపి పెట్టండి. ఆ లేచిన కాలే మళ్లీ 1 వేయాల్సిన కాలు. అద్దం వద్దు, ఇంట్లో గోడ పట్టుకుని పదిసార్లు, పాట లేకుండా. గురువారం ఎలా జరిగిందో చెప్పండి.