కుటుంబ గేమ్ కవర్ మీద మనుషులుండాలా, ఇల్లుండాలా?

పెంకుటిల్లు
మేం నలుగురం కలిసి స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కోసం ఒక లైఫ్ సిమ్, అంటే మనుషుల రోజువారీ బతుకుని నడిపించే గేమ్, చేస్తున్నాం. చిన్న ఊళ్లో ఒకే ఇల్లు, అందులో మూడు తరాలు. వచ్చిన జీతంతో నెల గడపడం, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ముసలితనం, చావులు, చివరికి ఇల్లు ఎవరి వాటాకి రావాలన్న గొడవ, అన్నీ ఆడేవాళ్ల చేతిలోనే. సిమ్స్ అనే పేరున్న గేమ్ జాతిదే. కాకపోతే ముక్కూ మొహం తీర్చిదిద్దే పని ఇందులో లేదు. కెమెరా పైనుంచి చూస్తుంది, మనుషులు వేలెడంత కనిపిస్తారు.

స్టోర్ పేజీ కవర్ దగ్గర ఆగిపోయాం. రెండు బొమ్మలున్నాయి. మొదటి దాంట్లో అరుగు మీద ఏడుగురు మనవైపే చూసి నవ్వుతుంటారు. మధ్యలో కుర్చీలో నాన్న, వెనక నిలబడి అమ్మ, ఓ పక్క తాతయ్య, నానమ్మ, ముందు ముగ్గురు పిల్లలు, మూలగా తులసి కోట. పైన గేమ్ పేరు, దాని కింద ‘మీ కుటుంబం, మీ కథ’ అని ఒక లైను. రెండోది అదే ఇంటిని ముందు గోడ తీసేసి చూపించినట్టుంటుంది. వంటింట్లో ఒకరు, పెరట్లో ఒకరు, మేడ మీద పుస్తకం పట్టుకుని ఒకరు. ఎవరూ మనల్ని చూడరు. ఆర్టిస్ట్ మొదటిదే అంటోంది, నాకు రెండోది నచ్చింది. మొహమాటం లేకుండా చెప్పండి.

గోళీసోడా
మొదటిది పండక్కి బట్టల షాపు వాళ్లు బస్టాండ్ ఎదురుగా కట్టే హోర్డింగ్‌లా ఉంది. నవ్వుతున్నారు, సరే. నేను ఇందులో ఏం చెయ్యాలి? అది ఆ బొమ్మలో ఎక్కడా లేదు. రెండో దాంట్లో కనీసం ఒక ఇల్లుంది, పనులున్నాయి, అవి నేను చేయించాలి కాబోలు అని తెలుస్తోంది. కళ్లు మూసుకుని రెండోది పెట్టెయ్యండి.

లూప్‌లైన్
కళ్లు మూసుకోవద్దండీ, తెరిచే చూడండి. గోడ తీసేసిన ఇల్లు కనిపించగానే నాకు తట్టేది ఫాల్‌అవుట్ షెల్టర్. 2015లో వచ్చింది, గదుల్ని అడ్డంగా కోసి చూపిస్తూ మనుషుల్ని పనుల్లో పెట్టే మేనేజ్‌మెంట్ గేమ్. ఆ టైపు కావాలనుకున్నవాళ్లు మీ పేజీకొస్తారు, పెళ్లిళ్లూ పిల్లలూ చూసి వెనక్కి పోతారు. లైఫ్ సిమ్ కొనేవాళ్లకి కావాల్సింది మనుషులు. 2025 మార్చిలో క్రాఫ్టన్ వాళ్ల లైఫ్ సిమ్ ఇన్‌జోయ్ ఎర్లీ యాక్సెస్‌కి (పూర్తవకముందే అమ్మకానికి) వచ్చినప్పుడు జనం చెప్పుకున్నది దాని పాత్రల మొహాల గురించే కదా. నా ఓటు మొదటిదానికి. ఆర్టిస్ట్ గారికి ఈ జానర్ తెలుసు.

రాత్రిషిఫ్ట్
లూప్‌లైన్ గారూ, ఇన్‌జోయ్‌లో మొహం అమ్ముడుపోతుంది, ఎందుకంటే ఆ మొహం ఆటలో ఉంది. వీళ్ల గేమ్‌లో మనుషులు వేలెడంత అని ఆయనే చెప్పారు. కవర్ మీద నిలువెత్తు నానమ్మని చూసి కొన్నవాడు లోపలికెళ్తే కనిపించేది నెరిసిన ముడీ, రంగు చీరా, అంతే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే అడిగితే డబ్బు వెనక్కిచ్చేస్తారు. కవర్ ఒకటి చెప్పి గేమ్ ఇంకోటి చూపిస్తే ఆ 2 గంటల్లోపే తెలిసిపోతుంది. రీఫండ్ పోతే పోయింది, వెళ్తూ వెళ్తూ ఒక నెగటివ్ రివ్యూ కూడా రాసి పోతారు.

లూప్‌లైన్
కవర్ అంటే స్క్రీన్‌షాట్ కాదు కదా. పాతకాలం గేమ్ డబ్బాల మీద గీసిన బొమ్మలకీ లోపలున్న పిక్సెల్స్‌కీ ఏం సంబంధం? అయినా కొన్నాం, ఆడాం.

రాత్రిషిఫ్ట్
అప్పుడు వెనక్కిచ్చే బటన్ లేదు.

కుంచె_కాగితం
నేను కవర్లు గీసే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. మీరంతా బొమ్మని ఫుల్ స్క్రీన్‌లో చూసి వాదించుకుంటున్నారు. కొనేవాడు అలా చూడడు. స్టీమ్‌లో కవర్ బొమ్మని కాప్సూల్ అంటారు. పేజీ పైన వచ్చే హెడర్ 920×430 పిక్సెల్స్‌లో ఇస్తాం, జాబితాల్లో వచ్చే చిన్న కాప్సూల్ 462×174లో ఇస్తాం. ఆ చిన్నదాన్ని స్టీమ్ ఇంకా కుదించి 184×69, 120×45 సైజుల్లో కూడా వాడుతుంది. 45 పిక్సెల్స్ ఎత్తులో ఏడుగురు మనుషులంటే ఒక్కో తల బియ్యపు గింజంత కూడా రాదు. రెండు బొమ్మల్నీ ఆ సైజుకి తగ్గించి చూశాను. మొదటి దాంట్లో మిగిలింది నాన్న తెల్లచొక్కా ఒక్కటే, తులసి కోట పచ్చటి మరకైపోయింది. రెండో దాంట్లో గదులు గళ్లుగా కనిపిస్తున్నాయి, మనుషులు మాయం. ఈ పరీక్షలో రెండూ తప్పాయి.

పేరు సంగతి కూడా చూడండి. తెలుగు అక్షరాల్లో లోగో పెట్టారు, బాగుంది, నాకూ ఇష్టమే. కానీ వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. దాంతో అదే ఎత్తులో ఇంగ్లీషు పేరుకంటే అక్షరం సన్నబడిపోతుంది. చిన్న కాప్సూల్‌కి బొమ్మ దాదాపు వదిలేసి పేరే నిండుగా పెట్టుకోండి. అన్ని సైజులకీ ఒకే బొమ్మని కత్తిరించి పెట్టాలని రూలేం లేదు.

ఇంకోటి. ‘మీ కుటుంబం, మీ కథ’ అన్న లైను తీసెయ్యండి. 2022 సెప్టెంబర్ 1 నుంచి స్టీమ్ కాప్సూల్ మీద బొమ్మ, గేమ్ పేరు, అధికారిక ఉపశీర్షిక, ఇవే ఉండాలి. అవార్డులు, రివ్యూ మాటలు, డిస్కౌంట్ అంకెలు, ప్రచారపు లైన్లు ఏవీ కుదరవు.

గోళీసోడా
తగ్గించి చూపించినందుకు థాంక్స్ అండి. అయినా గళ్లు కనిపిస్తే చాలు, ఇల్లని తెలుస్తోందిగా.

పెరటితోట
ఎవరూ అడగనిది నేనడుగుతాను. మొదటి దాంట్లో నాన్న కుర్చీలో, అమ్మ వెనక నిలబడి. నానమ్మ, తాతయ్య పక్కకి. అమ్మాయి ఒంటి రంగు మిగతా అందరికంటే రెండు ఛాయలు తెలుపు. గేమ్‌లో ఇంటి పెద్ద ఎప్పుడూ నాన్నేనా? ఎవరైనా కావచ్చంటే కవర్ అబద్ధం చెబుతున్నట్టే. ఇది చిన్న విషయం అనుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో సిమ్స్ 4కి పెళ్లిళ్ల ప్యాక్ వచ్చినప్పుడు ప్రచార బొమ్మల్లో జంటగా ఇద్దరు అమ్మాయిలున్నారు. అక్కడి చట్టాల వల్ల రష్యాలో ఆ ప్యాక్ విడుదల చెయ్యబోమని సిమ్స్ తీసే EA కంపెనీ వాళ్లు ముందు ప్రకటించారు, ఆటగాళ్ల నుంచి గోల వచ్చాక మనసు మార్చుకుని అక్కడా విడుదల చేశారు. ఆ జంటని పక్కకి తప్పించి వేరే బొమ్మ పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కుటుంబం అని గీసినప్పుడు ఎవరు మధ్యలో ఉన్నారో జనం చూస్తారు.

లూప్‌లైన్
అబ్బా, ప్రతి దాంట్లో ఇదొకటి. చాలా ఇళ్లలో ఫోటో అలాగే దిగుతారు, ఉన్నదే గీశారు.

పెరటితోట
ఫోటో అలాగే దిగుతారు, కాదనను. అయితే ఇది ఫోటో కాదు, గీసిన బొమ్మ. గీసేటప్పుడు ఎవరిని ఎక్కడ పెట్టాలో ఎంచుకునే పెట్టారు కదా.

పెంకుటిల్లు
గేమ్‌లో ఇంటి పెద్ద ఎవరైనా కావచ్చు. తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లే. తాళాల గుత్తి చేతులు మారినప్పుడే తరం మారుతుంది, ఇంటి గొడవలన్నీ దాని చుట్టూనే. అది రెండు బొమ్మల్లోనూ లేదు, ఇంతవరకు ఎవరికీ తట్టలేదు.

ఇంకో ప్రశ్న. రెండూ పెట్టి ఏది ఎక్కువ క్లిక్ అవుతుందో చూసి తేల్చుకోవచ్చా?

రాత్రిషిఫ్ట్
గూగుల్ ప్లేలో అయితే ఆ సదుపాయం ఉంది, వచ్చినవాళ్లలో కొందరికి ఒకటి, కొందరికి ఇంకోటి చూపిస్తుంది. స్టీమ్‌లో అలా కుదరదు. బొమ్మ ఎంతమందికి కనిపించింది, ఎంతమంది పేజీకొచ్చారు అన్న లెక్క మాత్రం ఇస్తుంది. కొన్నాళ్లు ఒకటి, కొన్నాళ్లు ఇంకోటి పెట్టి పోల్చుకోవాలి. మధ్యలో ఒక సేల్ పడినా, ఎవరో స్ట్రీమర్ ఆడినా ఆ పోలిక పనికిరాదు. నెక్స్ట్ ఫెస్ట్ (రాబోయే గేమ్‌ల డెమోలతో స్టీమ్ జరిపే పండగ) వారంలో మాత్రం మార్చకండి, ఏ అంకె దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

తాళాలు మంచి పట్టు. సిమ్స్ 4 బేస్ గేమ్ 2022 అక్టోబర్ నుంచి ఫ్రీ. దాని పక్కన మీ బొమ్మ కనిపిస్తుంది. ఫ్రీగా దొరికేదాన్ని వదిలి మీది ఎందుకు కొనాలో ఆ బొమ్మే చెప్పాలి. నవ్వే కుటుంబం అక్కడా ఉంది. తాళాల గుత్తి మీద కొట్లాట అక్కడ లేదు.

కుంచె_కాగితం
అయితే ఏడుగురు వద్దు, ఇద్దరు చాలు. నానమ్మ, కోడలు. నడుములకి పైభాగం మాత్రమే, మధ్యలో రెండు చేతులూ ఒకే గుత్తిని పట్టుకుని. ఇచ్చేస్తోందా లాక్కుంటోందా తెలియకూడదు. వెనక చీకట్లో ఇంటి గదుల దీపాలు, గోళీసోడా గారి కోసం. గుత్తికి ఇత్తడి పసుపు, వెనకంతా నీలం. 120 పిక్సెల్స్‌లో కూడా ఆ పసుపు చుక్క నిలబడుతుంది.

లూప్‌లైన్
కోడలు, అత్తగారు, తాళాలు. దీన్ని టీవీ సీరియల్ గేమ్ అనుకుంటారు, చెప్పలేదనొద్దు.

పెరటితోట
నానమ్మ, మనవడు అని గీస్తే?

పెంకుటిల్లు
మనవడైతే సీరియల్ వాసన పోతుంది, నిజమే. కానీ మా గేమ్‌లో ఎక్కువ గొడవలొచ్చేది అత్తాకోడళ్ల మధ్యే, అది దాచి ఏం లాభం. ఈ లింకు ఆర్టిస్ట్‌కి పంపాను. ‘ఇద్దరినే గీయడమంటే మొహాల్లో చాలా పని ఉంటుంది, టైం ఇవ్వు’ అంది. మనవడితో ఒకటి, కోడలితో ఒకటి చిత్తు గీతలు వేయిస్తాను. ఈసారి ముందు 120×45లోనే ఇక్కడ పెడతా, పెద్ద సైజు తర్వాత.