గ్రామసభ ‘వద్దు’ అంటే ప్రాజెక్టు ఆగాలా?

గట్టుమీద (రావులపాలెం): నిన్న టీకొట్టు దగ్గర మొదలైన గొడవ ఇక్కడికి తెస్తున్నానండి. పోలవరం ముంపు ఊళ్ల కోయవాళ్లు, కొండరెడ్లు ‘మా గ్రామసభ ఒప్పుకోకుండా మమ్మల్ని లేపకూడదు’ అంటున్నారు. 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల, అంటే గిరిజన ఏజెన్సీల, పంచాయతీ చట్టం) ఆ హక్కు ఇచ్చిందని ఒకాయన, లేదు పొమ్మని ఇంకొకాయన. నా మాట సూటిగా చెబుతా. ధవళేశ్వరం కింద పది లక్షల ఎకరాలు. రెండో పంట, దాళ్వా వస్తే చాలు నీళ్ల టెన్షన్. నలభై గడపల సభ చెయ్యెత్తి ఇదంతా ఆపేస్తుందా?

కోర్టుగుమస్తా: పీసా సెక్షన్ 4(ఐ) చదవండి. భూసేకరణకి ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో ‘సంప్రదించాలి’ అని ఉంది. ‘ఒప్పించాలి’ అని లేదు. చర్చ అయిపోయింది.

కొబ్బరాకు: ఎక్కడండీ అయిపోయింది, నేను ఇప్పుడే పూతరేకుల పొట్లం విప్పాను.

శబరి ఒడ్డు: మాది చింతూరు వైపు, కోయవాళ్లం. ఆ సంప్రదింపు ఎలా ఉంటుందో చెబుతాను. మా మేనత్త ఊళ్లో సభ పెట్టారు. బల్ల మీద ఒక రిజిస్టరు, ఒక ఇంకు ప్యాడు. పక్కన పోలీసులు. అధికారి చదివింది ఆఫీసు తెలుగు. అత్తకి కోయ తప్ప రాదు. వేలిముద్ర హాజరుకే అన్నారు, వేసింది. ఆ పేజీలో పైన తీర్మానం ఉందని మాకు తర్వాత తెలిసింది. గుమస్తా గారూ, 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 కూడా చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని ఉంది. సమ్మతి!

కోర్టుగుమస్తా: పోలవరం భూసేకరణ 2013కి ముందే మొదలైంది. వేలిముద్ర సంగతి అమలులో లోపం. నేనడిగింది 4(ఐ)లో ఉన్న మాట ఏమిటని.

పాత ఎకరాలు (రాజమండ్రి): వీళ్లకి చట్టాలు తక్కువయ్యాయా? మా నాన్నగారు 1974లో ఏజెన్సీలో నాలుగెకరాలు కొన్నారు. రొక్కం లెక్కపెట్టి ఇచ్చారు. జీడిమామిడి వేసి, నీళ్లు కావిడితో మోసి బతికించారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదనే 1970 నాటి 1/70 చట్టం కింద కేసు పడింది, భూమి పోయింది. ఆ చెట్ల కాపు ఆయన కళ్లజూడలేదు. టీచరు ఉద్యోగాలూ వాళ్లకే, భూములూ వాళ్లకే.

శబరి ఒడ్డు: 1970లో నిషేధం వస్తే 1974లో ఎలా కొన్నారండీ? రిజిస్టర్ చేశారా, తెల్లకాగితమా? ఏజెన్సీ భూమి బయటివాళ్లకి పోకుండా తెల్లదొర కూడా 1917లో చట్టం చేశాడు. ఇక టీచరు ఉద్యోగాలంటారా, స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. నేను డీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్నది అందుకే.

పాత ఎకరాలు: తెల్లకాగితమే. అప్పట్లో అందరూ అలాగే రాసుకునేవారు. మా నాన్నగారి జోలికి రాకు.

టీచరమ్మ (తణుకు): తెచ్చింది మీరే కదండీ. సరే, అసలు విషయానికొద్దాం. ఒడిశాలో నియమగిరి బాక్సైటు గని సంగతి గ్రామసభలకే వదలమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది.

కోర్టుగుమస్తా: అది 2006 అటవీ హక్కుల చట్టం కింద, అక్కడి గిరిజనుల దేవుడి కొండ గురించి. పీసా భూసేకరణ కాదు. పైగా పోలవరం జాతీయ ప్రాజెక్టు. 4(ఐ)లో...

కొబ్బరాకు: ఈయన్ని 4(ఐ) దగ్గర నుంచి కదిలించాలంటే గోదారికి వరద రావాలి.

శబరి ఒడ్డు: వచ్చిందిగా, 2022 జూలైలో. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. గుట్టెక్కి టార్పాలిన్ కింద పడుకున్నాం. ఇంకోటి చెబుతా. మా తాత ఇల్లు అంగుళం కదల్లేదు. 1959 దాకా తూర్పుగోదావరి, తర్వాత ఖమ్మం, 2014లో ప్రాజెక్టు కోసం మళ్లీ తూర్పుగోదావరి, 2022లో అల్లూరి జిల్లా. తెలంగాణలో పడుకుని ఆంధ్రాలో లేచాం. ఒక్కసారి, ఒక్కసారైనా మీకు ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా?

గట్టుమీద: మమ్మల్ని అడిగారా తమ్ముడూ? 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఊళ్లన్నీ ఎర్రగా ఉండేవి. ఆ గ్యాస్ తియ్యమని మా ఊరి సభ ఏదైనా చెప్పిందా? మా మామయ్య కొబ్బరితోట అడుగునుంచి పైపు వేశారు. నోటీసు వచ్చింది, తర్వాత చెట్టుకింతని చెక్కు వచ్చింది. నలభై ఏళ్ల చెట్లు పడుతుంటే ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని గట్టు మీద నిలబడ్డాడు. నా పేరు అక్కడిదే. మాకు లేని ‘వద్దు’ మీకు మాత్రం ఎందుకుండాలి? చెప్పు.

టీచరమ్మ: అదీ సంగతి. దాళ్వా నీళ్ల గొడవ కాదన్నమాట.

పాత ఎకరాలు: గట్టుమీద గారు కరెక్ట్. చట్టం అందరికీ ఒకటే ఉండాలి.

శబరి ఒడ్డు: అన్నా, ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. మీ మామయ్యకి కూడా ‘వద్దు’ అనే హక్కు కావాలని అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. కానీ రెండూ ఒకటే అనకండి. తోట పోయినా ఆయన ఊరు ఆయనకుంది. మా అత్తకి కాలనీలో ఇల్లిచ్చారు. ఆ కాలనీ మైదానంలో, షెడ్యూల్డ్ ప్రాంతం బయట. అక్కడ పీసా లేదు, 1/70 లేదు. రేపు ఆ ఇంటి పక్క స్థలం ఎవరు కొన్నా ఆపే సభ లేదు. అడవి లేదు సరే, ‘ఇది మాది’ అనే కాగితం కూడా అక్కడికి రాదు.

కోర్టుగుమస్తా: ఇది మాత్రం నిజం. ఏజెన్సీలకి రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఇచ్చే రక్షణ నేలని పట్టుకుని ఉంటుంది. మనిషి ఆ గీత దాటితే వెంట రాదు. నేనింతవరకు ఆ వైపు నుంచి ఆలోచించలేదు. (అయినా 4(ఐ)లో మాట సంప్రదింపే.)

కొబ్బరాకు: 🙏

గట్టుమీద: రాత్రి అన్నాలప్పుడు ఇదంతా మామయ్యకి చదివి వినిపించాను. ప్రాజెక్టు కావాలనే అన్నాడు. నేనూ అదే అంటాను, మనసు మార్చుకున్నాననుకోకు. కానీ చెయ్యి కడుక్కుంటూ ఒకటి అడిగాడు. మీ అత్త వేలిముద్ర వేసిన ఆ పేజీ నకలు ఉందా?

శబరి ఒడ్డు: అప్పుడు ఇవ్వలేదన్నా. సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. వస్తే ఇక్కడే పెడతా.