ఒహాయోలో జింక వేట: పిస్టల్ తూటా కాల్చే కార్బైన్ సరిపోతుందా?

ప్రశ్న: లూయిస్‌సెంటర్ కుర్రాడు

అందరికీ నమస్కారం. కొలంబస్‌కి ఉత్తరాన ఉంటాను, హెచ్‌1బి మీద ఉన్నాను. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనకి వింటన్ కౌంటీలో అడవిని ఆనుకుని పొలం ఉంది. థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యే గన్ వీక్‌కి (తుపాకీతో జింక వేటకి అనుమతించే వారం) రమ్మన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి లైసెన్స్ కూడా తీసుకున్నాను. రేంజ్‌లో ఆయన 9 ఎం.ఎం. కార్బైన్ (పొట్టి గొట్టం రైఫిల్) కాల్చి చూశాను. తన్నదు, తేలిగ్గా ఉంది, యాభై గజాల్లో అన్నీ ఒకేచోట పడ్డాయి. 12 గేజ్ షాట్‌గన్‌తో స్లగ్ (ఒకే పెద్ద గుండు) కాలిస్తే మాత్రం భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది. షాపులో .44 మ్యాగ్నమ్ లీవర్ రైఫిల్ (కింద ఉండే పిడి లాగి తూటా ఎక్కించేది) తీసుకోమన్నారు. అదీ పిస్టల్ తూటానే కదా, 9 ఎం.ఎం.తో పనికాదా? జంతువు గాయంతో తిరగడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే అడుగుతున్నాను.

జవాబు: హాకింగ్ బాబాయి

తమ్ముడూ, జింక విషయంలో 9 ఎం.ఎం. పక్కన పెట్టేయ్. ముందు చట్టం చూడు. ఒహాయోలో స్ట్రెయిట్ వాల్ తూటాల (మెడ దగ్గర సన్నబడకుండా తిన్నగా ఉండే గుల్ల తూటాల) రైఫిల్స్‌ని జింక వేటకి 2014 నుంచి అనుమతించారు. అంతకుముందు తుపాకుల్లో స్లగ్, మజిల్‌లోడర్ (గొట్టం ముందునుంచి మందు కూరేది), హ్యాండ్‌గన్ మాత్రమే. ఇక్కడ ఊళ్లూ ఇళ్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, మైళ్ల దూరం పోయే రైఫిల్ తూటాలు వద్దన్నారు. క్యాలిబర్, అంటే వ్యాసం, .357 నుంచి .50 అంగుళాల దాకా ఉండాలి. 9 ఎం.ఎం. బుల్లెట్ వ్యాసం .355. వెంట్రుకవాసి తేడానే, అయినా చెల్లదు.

చట్టం ఒప్పుకున్నా నేను వద్దనే అంటాను. 9 ఎం.ఎం. బుల్లెట్ బరువు ఎనిమిది గ్రాములు. తూటాలో మందు కొంచెమే, పిస్టల్ గొట్టంలోనే దాదాపు కాలిపోతుంది, గొట్టం పొడుగైనా పెద్దగా లాభం ఉండదు. మామూలు లోడ్‌లో ఐదువందల ఫుట్‌పౌండ్లు (తూటా శక్తికి కొలత) దాటడం కష్టం. .44 మ్యాగ్నమ్ సంగతి వేరు. 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాముల బుల్లెట్. దాని వెనక నిదానంగా కాలే మందు ఎక్కువ ఉంటుంది. రివాల్వర్‌లో సెకనుకి 1,200 నుంచి 1,350 అడుగుల వేగంతో పోయేది, ఇరవై అంగుళాల గొట్టంలో 1,760 దాకా వెళ్తుంది. గొట్టం నోటి దగ్గర 1,600 ఫుట్‌పౌండ్లకి పైనే. వంద గజాల దగ్గర కూడా ఇంకా వెయ్యి మిగులుతుంది. 1955లో రివాల్వర్ కోసం పుట్టిన తూటా ఇది. దానికి కార్బైన్‌లోనే అసలు బలం వచ్చింది. రూగర్ కంపెనీ 1961లో తన మొదటి .44 కార్బైన్ తెచ్చింది కూడా జింక వేటగాళ్ల కోసమే.

వంద గజాల తర్వాత నేను కాల్చను. వందకి జీరో చేసిన (గురి సరిగ్గా అక్కడ పడేలా సరిచేసిన) తుపాకీ నూటయాభై దగ్గర జానెడు కిందికి కొడుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటే జానెడు వెడల్పు. వింటన్ కొండల్లో ఓక్ చెట్ల మధ్య ఎనభై గజాలు కనపడితే ఎక్కువ, కాబట్టి నీకు ఇది లోటు కాదు.

జింక పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగు. ముందుకాలు వెనక అంచు పట్టుకుని చూపు పైకి తీసుకెళ్లు, ఛాతీ ఎత్తులో మూడో వంతు దగ్గర ఆపు. నీకు ఎదురుగా తిరిగి ఉంటే కాల్చకు. కాల్చాక అది పడకుండా పరిగెత్తినా కంగారు పడొద్దు, చాలాసార్లు అలాగే అవుతుంది. నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట కూర్చో. తర్వాత ఆకుల మీద రక్తం చూడు. నురగతో లేత ఎరుపు ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే దొరుకుతుంది. ముదురు ఎరుపయితే కాలేయం, ఇంకో రెండు మూడు గంటలు ఆగాలి. పచ్చగా, వాసనగా ఏదైనా ఉంటే పొట్ట. అప్పుడు వెంటపడితే అది లేచి ఇంకా దూరం పోతుంది. ఆరు గంటలు ఆగి, తెలిసినవాళ్లని తోడు తీసుకుని వెతకాలి.

మన దేశంలో 1972 చట్టం తర్వాత వేట ఆగిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే అవకాశం మనకి లేదు. అందుకే నువ్వు ముందే అడగడం నాకు చాలా నచ్చింది.

జవాబు: టొలీడో అక్క

బాబాయి గారు .44 అన్నారు, నేను .357 వాడతాను. తన్నడం బాగా తక్కువ, డెబ్బైఅయిదు గజాల లోపల నాకెప్పుడూ సరిపోయింది. ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. పిస్టల్ కోసం చేసిన తేలిక హాలో పాయింట్ (కొనలో గుంట ఉండే) బుల్లెట్లు, 125 గ్రెయిన్ల లాంటివి, కార్బైన్ వేగానికి తట్టుకోవు. భుజం ఎముక దగ్గరే ముక్కలై లోపలికి దిగవు. 158 గ్రెయిన్లు, ఆ పైన, సాఫ్ట్ పాయింట్ (కొనలో మెత్తని సీసం కనపడేవి) తీసుకోండి. .44లో కూడా 240కి తగ్గొద్దు. డబ్బా మారిస్తే తూటా పడే చోటు మారుతుంది, వేటకి తీసుకెళ్లే డబ్బాతోనే జీరో చేయండి. రేంజ్‌లో చవక తూటాలు కాల్చి, అడవికి ఖరీదైనవి తీసుకెళ్లే పని పెట్టుకోవద్దు.

జవాబు: డబ్లిన్ శ్రీను

హెచ్‌1బి అన్నారు కాబట్టి ఇది చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. షాపులో తుపాకీ కొనేందుకు 4473 ఫారం నింపేటప్పుడు అది చూపించాలి. లైసెన్స్ గడువు దాటితే మినహాయింపు కూడా పోతుంది, ఇంట్లో ఉన్న తుపాకీ ఆ రోజు నుంచే సమస్య అవుతుంది. గడువుకి ముందే రెన్యూ చేసుకోండి. కొనేముందు ఒకసారి మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, గ్రీన్‌కార్డ్ ఫైలు నడుస్తుంటే మరీ ముఖ్యం.

లూయిస్‌సెంటర్ కుర్రాడు

చాలా థాంక్స్ అండి. శ్రీను గారు చెప్పింది షాపులో ఎవరూ చెప్పలేదు, లాయర్‌కి ఇవాళే మెయిల్ పెడతాను. .44 లీవర్ రైఫిల్‌కే వెళ్తాను. అందులో పది తూటాలు పడతాయి, అన్నీ నింపొచ్చా? పొలం ఆయన రమ్మన్నారు కాబట్టి పర్మిషన్ ఉన్నట్టే కదా?

హాకింగ్ బాబాయి

నింపకూడదు. ఛాంబర్, మ్యాగజైన్ కలిపి మూడుకు మించొద్దు. పర్మిషన్ నోటిమాట చాలదు, కాగితం మీద సంతకం పెట్టించి జేబులో ఉంచుకో. ఆరెంజ్ వెస్ట్ తప్పనిసరి. చేతికి గ్లౌజులు ఉన్నప్పుడు హ్యామర్ (తూటాని కొట్టి పేల్చే సుత్తి) నెమ్మదిగా దించడం ఖాళీ తుపాకీతో ఇంట్లోనే బాగా అలవాటు చేసుకో. చలికి వేలు జారితే తూటా పేలుతుంది. జింక పడితే మర్నాడు మధ్యాహ్నం 12 లోపల గేమ్ చెక్ (వేటాడిన జింకని ప్రభుత్వానికి నమోదు) చేయాలి, ఫోన్‌లోనే అయిపోతుంది.

టొలీడో అక్క

మాంసం సంగతి కూడా చెప్పేస్తాను. పేగులు వెంటనే తీసేసి లోపల గాలి తగలనివ్వండి, వేడి నిలిస్తే పాడవుతుంది. గోంగూరతో వండితే చాలా బాగుంటుంది. ముదురు ముక్కలు కుక్కర్లో ఎక్కువసేపు ఉంచాలి. కొవ్వు మాత్రం మొత్తం తీసేయండి, చల్లారితే నాలుకకి మైనంలా పట్టుకుంటుంది.