జెడ్పీ హైస్కూల్ లైబ్రరీ: బీరువా తాళం తీయాలంటే భయంగా ఉంది, ఎలా నడపాలి?

పలక_బలపం:
నమస్కారం అండి. నల్గొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈ ఏడాది లైబ్రరీ ఇన్‌చార్జి నాకిచ్చారు. ఇచ్చారంటే రెండు బీరువాల తాళాలు, ఒక స్టాక్ రిజిస్టరు, అంతే. దాదాపు 900 పుస్తకాలున్నాయి, కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఇష్యూ రిజిస్టర్లో చివరి ఎంట్రీ మూడేళ్ల కిందటిది. అంతకుముందు చూసిన సార్‌ని అడిగితే "పుస్తకం పోతే మన జీతంలోంచి కట్టమంటారమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను, ఆ భయం నాకూ ఉంది.

కానీ మొన్న ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పుస్తక సమీక్షలు దిద్దుతుంటే 42 మందిలో 30 మందికి పైగా అదే కథ, అవే వాక్యాలు. గైడులోంచి ఎక్కించేశారు. చేతికి పుస్తకమే ఇవ్వకుండా సమీక్ష రాయమంటున్నది నేనే కదా అనిపించి చాలా బాధేసింది. లైబ్రేరియన్ పోస్టు లేదు, గది లేదు, టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉంది కానీ పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్‌తో అందులో లెక్కలు చెప్పేస్తారు. ఎవరైనా నడిపినవాళ్లుంటే చెప్పండి.

కాలువగట్టు:
మేడం, రిటైరైన హెడ్మాస్టర్ని, తెనాలి దగ్గర. 1935లో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు మా వైపు కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. చదివేవాడి దగ్గరికి పుస్తకమే వెళ్లింది. మీకు గది లేదని ఆగకండి. క్లాసు గోడకి దండెం కట్టి ఓ నలభై పుస్తకాలు అట్ట కనిపించేలా వేలాడదీయండి. బీరువాలో వీపులు మాత్రమే కనిపించే పుస్తకాన్ని పిల్లాడు అడగడు, బొమ్మ కనిపిస్తే చెయ్యి చాపుతాడు. లైబ్రరీ పీరియడ్ గురించి మాత్రం మీ హెచ్‌ఎంతో గట్టిగా మాట్లాడండి. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు మొదటి రెండేళ్లు ఆ పీరియడ్ లెక్కలకే ఇచ్చేశాను, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను. పిల్లలు లెక్క రాక తప్పేవాళ్లు కాదు, ప్రశ్న చదివి అర్థం చేసుకోలేక తప్పేవాళ్లు.

యాక్సెషన్_నంబర్:
కేంద్ర ప్రభుత్వ స్కూల్లో లైబ్రేరియన్‌ని. ముందు మీ భయం సంగతి. మాకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూలు ఏమంటుందంటే, ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోవడం మామూలే, అందులో నిజాయితీ లోపమో నిర్లక్ష్యమో లేనంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలు, అరుదైనవి పోతే మాత్రం విచారణ ఉంటుంది. ఇది రాష్ట్ర స్కూళ్లకి నేరుగా వర్తించదు, కానీ పుస్తకం వాడితే కొన్ని పోతాయని ప్రభుత్వమే ఒప్పుకున్న మాట ఇది. మీ హెచ్‌ఎంకి, ఎస్‌ఎంసీకి (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) ఇది చూపించి తీర్మానం రాయించుకోండి, మీ ఒక్కరి మీద పడదు. ఖరీదైన ఎన్‌సైక్లోపీడియాలు, నిఘంటువులు స్కూల్లోనే చదివించండి, మిగతావి ఇంటికి పంపండి.

ఇంకోటి, దయచేసి "ఇది ఆరో తరగతి పుస్తకం, ఇది తొమ్మిది" అని రాయకండి. తొమ్మిదిలో ఉండి కూడబలుక్కుని చదివే పిల్లలు మీకూ ఉంటారు. చిన్న తరగతి పేరున్న పుస్తకం అందరి ముందు ఎలా పట్టుకుంటారు? తేలికైన వాటికి ఒక రంగు చుక్క, కొంచెం కష్టమైన వాటికి ఇంకో రంగు అంటించండి. పిల్లాడే ఒక పేజీ చదువుకుని తెలియని మాటలకి వేళ్లు మడుస్తాడు, ఐదు వేళ్లూ అయిపోతే ప్రస్తుతానికి ఇంకోటి తీసుకుంటాడు. బొమ్మల కథలు తక్కువైతే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసి కుట్టండి.

సోషల్_సార్:
అందరూ కథల గురించే చెప్తున్నారు, మా సబ్జెక్టు సంగతి కూడా వినండి. పిల్లలు ప్రాజెక్టు వర్క్ అంటే నెట్ సెంటర్‌కి వెళ్లి ప్రింట్ తీయించుకుని అంటించేస్తారు, ఒక్క లైను చదవరు. పోయిన ఏడాది నాగార్జునసాగర్ ఎప్పుడు వచ్చిందో మా స్కూలు బీరువాలోనే వెతకమన్నాను. ఒకమ్మాయి 1955 అని, ఇంకొకడు 1967 అని వచ్చి గొడవ. ఇద్దరినీ పుస్తకాలు తెరిచి పైకి చదవమంటే ఒకదాంట్లో నెహ్రూ శంకుస్థాపన, ఇంకోదాంట్లో కాలువలకి నీళ్లు వదిలిన సంవత్సరం. "ఐతే ఇద్దరం కరెక్టే సార్" అని వాళ్లే తేల్చుకున్నారు. ఆ పన్నెండేళ్లలో ఏం జరిగింది, ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఎటు పోయారు అని తర్వాత పీరియడంతా ప్రశ్నలే. పాఠ్యపుస్తకం ఒక్కటే ఉంటే ఈ గొడవ వచ్చేదే కాదు, ఆ ప్రశ్నలూ వచ్చేవి కావు. కథలతో పాటు ఇలాంటి పుస్తకాలు కూడా కొనండి మేడం.

వెన్నెల_88:
నేను టీచర్ని కాదు, జెడ్పీలో చదివి ఇప్పుడు నర్సుగా చేస్తున్నా. మా స్కూల్లో పుస్తకాలిచ్చే పని పిల్లలకే అప్పజెప్పారు, తొమ్మిదిలో నాకు వచ్చింది. రిజిస్టరు రాయడం, చిరిగినవాటికి మైదా జిగురు పెట్టడం, తిరిగి ఇవ్వనివాళ్ల ఇంటికి వెళ్లి అడగడం అన్నీ మేమే. రెండు పుస్తకాలు పోయాయి, ఒక్కటి వానకి తడిసింది. మా ఇంట్లో కాగితమంటే రేషన్ కార్డు, కరెంటు బిల్లే. శనివారం నేను పుస్తకం తెస్తే చదువురాని మా అమ్మ రాత్రి పైకి చదవమనేది. ఇంటికి పంపండి మేడం, ఒక్క పిల్లకి ఇస్తే ఇల్లంతా వింటుంది.

పలక_బలపం:
అందరికీ చాలా థాంక్స్ అండి. వెన్నెల గారూ, మీది మా స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. హెచ్‌ఎం తీర్మానానికి ఒప్పుకున్నారు, లెక్కల మేడం శుక్రవారం పీరియడ్ వదిలేస్తానన్నారు. ఈ శనివారం ఎనిమిదో తరగతితో మొదలుపెడుతున్నా, దండెం తాడు కొన్నాను, క్లిప్పులు పిల్లలే తెస్తామన్నారు. యాక్సెషన్_నంబర్ గారూ, మీ ఇష్యూ రిజిస్టరులో గడులు ఎలా గీస్తారో ఒక ఖాళీ పేజీ ఫోటో పెట్టగలరా?